అంచున రాసిన మాట

‘‘నంబరు కనపడుద్ది గదా అమ్మమ్మా! దీంట్లో ఇంక వెతికేదేముంది?’’

పదో తరగతి పరీక్షలు రాసి సెలవులకొచ్చిన మనవరాలి ప్రశ్న అది. ఆమె చేతిలో ఉన్నది యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘వెన్నెల్లో ఆడపిల్ల’. ముందు అట్ట ఎప్పుడో పోయింది. వీపుకు కాలికో గుడ్డ అంటించి, దబ్బనంతో మూడు చోట్ల కుట్టిన పాత ప్రతి. పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు బాగుచేస్తున్న అమ్మమ్మ చెయ్యి ఆగింది. ఈ మధ్యనే రిటైరైన టీచరమ్మ ఆవిడ. నలభై ఏళ్లకు పైగా లోపల దాచుకున్న కథ ఒక్క ప్రశ్నకే డీలాపడినట్టయింది. ముందు కాస్త ఉక్రోషం వచ్చింది. దాని వెనకే నవ్వూ వచ్చింది.

చదరంగం ఆటగాడు రేవంత్‌కు ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. తానెవరో చెప్పదు, ఎక్కడుంటుందో చెప్పదు, నంబరివ్వదు. మాటల మధ్య ఆధారాలు వదులుతుంటుంది. వాటిని పట్టుకుని అతను ఆమెను కనుక్కోవాలి. ఫోన్ మోగితే చేసిందెవరో తెలియని రోజుల్లో తప్ప పుట్టలేని కథ ఇది. తెర మీద పేరు చూసి గానీ ఫోన్ ఎత్తని ఈ కాలపు పిల్లకు అందులో చిక్కుముడి ఎక్కడ కనపడుతుంది?

విచిత్రమేమిటంటే, ఆ నవల మొదటిసారి చదివేనాటికి ఆ టీచరమ్మ ఫోన్ చేత్తో పట్టుకుని ఎరగదు. అల్లూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే పల్లె వాళ్లది. అవసరమైతే పోస్టాఫీసు దాకా నడిచి, ట్రంకు కాల్ బుక్ చేసి, గోడకానుకుని నిలబడాల్సిందే. ఊళ్లో ఫోన్ మోగిందంటే ఎవరికో ఏదో అయిందని అర్థం. అలాంటి ఊళ్లో పదిహేడేళ్ల పిల్ల రాత్రి లాంతరు వెలుగులో కూర్చుని, ఎన్నడూ వినని టెలిఫోను మోతకు ఉలిక్కిపడుతూ ఆ పుస్తకం చదివింది. తనకు లేని వస్తువు తన గుండె ఎలా కొట్టించిందో అప్పుడామె అడగలేదు. మనవరాలికి ఆ వస్తువు పొద్దస్తమానం చేతిలోనే ఉంది. గుండె మాత్రం కొట్టుకోవడం లేదు.

ఒకే రచయిత మీద ఒకే పాఠకురాలికి ఎన్ని రకాల మనసులుంటాయో చెప్పడానికి ఈ చేపల పొద్దు మంచి సందర్భం. మన సాహిత్య చర్చల్లో పాఠకులకు రెండే బెంచీలు వేస్తాం. ఒకటి అభిమానులది, రెండోది విమర్శకులది. యండమూరి పేరెత్తితే ఆ బెంచీల మధ్య దూరం మరీ ఎక్కువ. ఒకవైపు ‘ఆయన లేకపోతే మేం చదివేవాళ్లమే కాదు’ అనేవాళ్లు, ఇంకోవైపు ‘ఆయన వల్లే చదువు చెడింది’ అనేవాళ్లు. నిజంగా చదివినవాళ్లలో ఎక్కువమంది ఈ రెండు బెంచీల మీదా కాసేపు కూర్చుని లేచినవాళ్లే. వాళ్ల మాట ఎక్కడా రికార్డు కాదు.

పిల్లలకూ పెద్దలకూ నడుమ ఒక వయసుంది. నూనూగు మీసాల వయసు, ఓణీల వయసు. ఆ వయసుకు విడిగా పుస్తకాలుండాలన్న ఆలోచన పాశ్చాత్య దేశాల్లోనూ మరీ పాతదేం కాదు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ యువ పాఠకుల సేవలకు ప్రత్యేక విభాగం పెట్టుకుంది 1957లో. ఎస్.ఇ. హింటన్ అనే అమ్మాయి హైస్కూల్లో ఉండగానే రాసిన ‘ది అవుట్‌సైడర్స్’ 1967లో వచ్చాక, ఆ వయసు కథను ఆ వయసువాళ్లే చెప్పగలరని లోకానికి తెలిసింది. అక్కడి గ్రంథాలయాల్లో ‘యంగ్ అడల్ట్’ అని రాసిన అర వచ్చింది. మనకు ఆ అర లేదు. చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు దాకా వచ్చిన పిల్ల అక్కడి నుంచి ఒకే గెంతులో వారపత్రికల్లో పడేది. భేతాళుడి ప్రశ్నకు విక్రమార్కుడు చెప్పే జవాబు విన్న చెవులతోనే, పెళ్లయిన ఆడవాళ్ల కష్టాల సీరియళ్లు వినాలి. నడుమ మెట్టు లేదు.

ఆ లేని మెట్టు మీద నిలబడ్డవాళ్లలో యండమూరి ఒకరు. తూర్పుగోదావరి జిల్లా రాజోలులో 1948లో పుట్టిన మనిషి. చదువుకు చార్టర్డ్ అకౌంటెంట్. ముందు నాటకాలు రాసి, ఆపైన నవలల్లోకొచ్చారు. ఆయన పదిహేడేళ్ల వాళ్ల కోసమని ఏదీ రాయలేదు. వారపత్రిక కొనే ఇంటిల్లిపాదికీ రాశారు. ఆ ఇంట్లో పత్రికను ముందుగా లాక్కున్నది మాత్రం పదిహేడేళ్లవాళ్లే. ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు కాష్మోరా అన్న మాట తెలుగునాట పిలకాయల నోళ్లలో ఎలా ఆడిందో ఆనాటివాళ్లకు చెప్పక్కర్లేదు. టీచరమ్మ ఇంట్లో అక్కది యద్దనపూడి సులోచనారాణి పార్టీ, చెల్లిది యండమూరి పార్టీ. అక్క కలల్లోకి కారు దిగే రాజశేఖరాలు వచ్చేవాళ్లు. చెల్లి కలల్లోకి మంత్రగాళ్లు, లాయర్లు, చదరంగం గళ్లూ వచ్చేవి. ఇద్దరికీ అమ్మ చేతి తిట్లు మాత్రం సమానమే.

ఆ రోజుల్లో పుస్తకం చేతికి రావడమే ఒక కథ. టీచరమ్మ ఇంటరు చదివింది కావలిలో, జవహర్ భారతిలో. కాలేజీ వదిలాక బస్సుకు ముప్పావు గంట టైముండేది. ఆ ముప్పావు గంటా అద్దె పుస్తకాల బంకు ముందు గడిచేది. రోజుకింతని అద్దె. ఒక్క రోజు దాటితే ఇంకో రోజు అద్దె. అందుకే ముగ్గురు స్నేహితురాళ్లు కలిసి ఒక నవల తీసుకుని ఒకే రోజులో వంతులేసుకునేవాళ్లు. ఒకామె బస్సులో, ఇంకొకామె ఇంట్లో దీపం పెట్టాక, మూడో ఆమె తెల్లవారుజామున. మూడో వంతు వచ్చినామెకు కథ అప్పటికే తెలిసిపోయి ఉండేది, ఎందుకంటే మొదటి ఇద్దరూ నోరు కట్టుకోలేరు.

సీరియల్ అయితే పద్ధతి వేరు. వారపత్రిక నుంచి ఆ నాలుగు పేజీలూ జాగ్రత్తగా విప్పి, వరసగా పేర్చి, కథ అయిపోయాక దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేవాళ్లు. ఇంటింటికీ ఇలాంటి కుట్టు పుస్తకాలుండేవి. అందులో వెనక పేజీ సగంలో వంటల శీర్షికో, తలనూనె ప్రకటనో కూడా కలిసి కుట్టుకుపోయేది. ఏ వారమో పత్రిక రాకపోతే ఆ భాగం ఖాళీ. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానుకు టీచరమ్మ పుట్టింటి కప్పు లేచిపోయింది. బియ్యం బస్తాలతో పాటు ఆ కుట్టు పుస్తకాలూ నానిపోయాయి. ఎండాక చూస్తే అక్షరాలున్నాయి గానీ పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి విడలేదు. ఆ బీభత్సంలో ఆమె ఏడ్చింది కప్పు కోసమే. పుస్తకాల కోసం ఏడిస్తే నవ్వుతారని వాటి వంతు దాచుకుంది. ఆనాటి పుస్తకాల్లో మిగిలిన ఒకే ఒకటి, బంకు మూసేసేటప్పుడు యజమాని తూకానికి అమ్ముతుంటే కొనుక్కున్న ఈ ‘వెన్నెల్లో ఆడపిల్ల’. పెళ్లయి వెళ్తూ పెట్టెలో పెట్టుకుపోయింది కాబట్టి బతికింది.

సీరియల్‌గా చదివిన నవలను పుస్తకంగా మళ్లీ చదివితే మొదటి అసంతృప్తి అక్కడే మొదలవుతుంది. వారం వారం ప్రతి భాగం చివరా ఒక తలుపు తెరుచుకుంటుంది, ఒక చెయ్యి భుజం మీద పడుతుంది, ఒక కేక వినపడుతుంది. తరవాతి గురువారం దాకా పాఠకురాలి ప్రాణం గాలిలో ఉండాలి. అది పత్రిక వ్యాపారం, రచయిత నైపుణ్యం. ఏడు రోజులు ఆగి చదివినప్పుడు ఆ కేక నిజంగా వినపడింది. ఇప్పుడు పేజీ తిప్పగానే ఆ కేక పిల్లిదని తేలిపోతుంటే, పదహారు పేజీలకొక స్పీడ్ బ్రేకరు దాటినట్టుంది. పుస్తకం అదే. నడుమ ఉండాల్సిన ఆరు రోజులు లేవు. ఆ ఆరు రోజుల్లో కథను ముందుకు నడిపింది తామేనని, సగం నవల బస్సులో స్నేహితురాళ్లతో కలిసి తామే రాసుకున్నామని టీచరమ్మకు ఇప్పుడు తెలిసింది.

రెండో అసంతృప్తి ఇంకాస్త లోతైంది. ‘తులసిదళం’ చదివిన రాత్రుల్లో ఆమె పెరట్లోకి ఒంటరిగా వెళ్లలేకపోయేది. తులసి అనే చిన్నపిల్ల మీద జరిగే ప్రయోగం, ఆ పిల్లను కాపాడుకోవడానికి పెద్దలు పడే పాట్లు, ఒకవైపు మంత్రం, ఇంకోవైపు వైద్యం, హిప్నాటిజం. ఏది నిజమో తేల్చుకోలేని ఉత్కంఠే ఆ నవల బలం. ఆ బలమే వివాదమూ అయింది. చేతబడులకు అచ్చులో గౌరవం కల్పించారని హేతువాదులు, అభ్యుదయవాదులు గట్టిగానే ఆక్షేపించారు. క్షుద్ర సాహిత్యం అన్న పేరు అప్పటి నుంచే వాడుకలోకొచ్చింది. కాలేజీ పిల్లగా ఆమె ఆ విమర్శను లెక్కచెయ్యలేదు. కథను కథగా చదవలేరా అనుకుంది.

టీచరు ఉద్యోగంలో చేరాక పరిస్థితి మారింది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. సాయంత్రాలు పెట్రోమాక్సు లైటు కింద కూర్చుని ఆమె కూడా ఆడవాళ్లకు చదువు చెప్పింది. పగలంతా నాట్లేసి, ఎండుచేపలు తిరగేసి వచ్చిన చేతులు పలక పట్టుకునేవి. ఒక రాత్రి ఒకామె చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని వచ్చింది. బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. మెడలో కొత్త తాయెత్తు. ఎవరో ఏదో చేశారన్నది ఆమె నమ్మకం. పక్క వీధిలో ఒంటరిగా ఉండే ముసలామె మీద ఆమెకు అనుమానం. ‘‘టీచరమ్మా, మీరు చదువుకున్నోళ్లు. అట్టాంటివి ఉంటాయా, ఉండవా?’’ అని అడిగింది. లేవని చెప్పడానికి టీచరమ్మకు అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషం తన నోరు ఎందుకు తడబడిందో ఆమెకు తెలుసు. పదేళ్ల కిందట పెరటి తలుపు దగ్గర ఆగిపోయిన కాళ్లే అప్పుడు నోటికీ అడ్డంపడ్డాయి. బిడ్డను అల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయారు, జ్వరం తగ్గింది. ఆ అర నిమిషం మాత్రం ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. కథను కథగా చదవగలిగే తీరిక, చదువు అందరికీ ఒకేలా దొరకవు. భయాన్ని వినోదంగా తీసుకోవాలంటే, ఆ భయం మన వీధిలో ఎవరినీ వేలెత్తి చూపకుండా ఉండాలి.

అదే ఏడాది, అదే చదువు, ఇంకో సంగతీ నేర్పింది. అక్షరాస్యత పాఠాల్లో సీతమ్మ కథ ఒకటుండేది. సారాతో కాపురాలు కూలుతుంటే ఊరి ఆడవాళ్లు ఏకమై దుకాణం మూయించిన కథ. నాలుగైదు పేజీలకు మించదు. మలుపుల్లేవు, మంత్రాల్లేవు. కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్లు దాన్ని చదివి పుస్తకం మూసి ఊరుకోలేదు, నిజంగానే దుకాణం మూయించారు. వాళ్లలో ఒకరైన రోసమ్మ పేరు రాష్ట్రమంతా వినపడింది. 1992లో ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. కథలు ఎవరినేం చేస్తాయిలే అని మిగతా జిల్లాలవాళ్లు అనొచ్చు గానీ నెల్లూరు వాళ్లు అనలేరు. మంచికైనా, చెడుకైనా అచ్చులో పడ్డ మాట ఇక్కడ పని చేసి చూపించింది. అందుకే యండమూరి మీద టీచరమ్మ కోపం ఆయన్ని చిన్నచూపు చూసే కోపం కాదు. అక్షరానికి అంత శక్తి ఉందని నమ్మినవాళ్లకే అలాంటి కోపం వస్తుంది.

మూడోది డబ్బు సంగతి. ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ నవలే 1984లో ‘ఛాలెంజ్’ సినిమా అయింది. ఐదేళ్లలో యాభై లక్షలు సంపాదిస్తానని చిరంజీవి పందెం కాస్తాడు. అంతకుముందు ఏడాది ‘అభిలాష’ వచ్చింది. ఉరిశిక్ష రద్దు కావాలని నమ్మే యువ లాయరు తనను తానే హత్య కేసులో ఇరికించుకునే కథ. రెంటిలోనూ ఒకటే ఊపు: తెలివీ పట్టుదలా ఉన్న కుర్రాడికి లోకం దారిస్తుంది. మధ్యతరగతి ఇళ్లల్లో ఈ మాటకు ఎంత ఆకలి ఉండేదో! తరవాతి కాలంలో ఆయన రాసిన ‘విజయానికి ఐదు మెట్లు’ అన్నన్ని ముద్రణలు పొందడానికీ ఆ ఆకలే కారణం.

టీచరమ్మ తమ్ముడు ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ నవలను మూడుసార్లు చదివాడు. 1990ల మొదట్లో ఈ తీరమంతా రొయ్యల గుంటలు లేచాయి. వరి మళ్లకు గట్లు పెరిగి, ఉప్పునీళ్లు నిండి, రాత్రుళ్లు ఏరియేటర్ల మోత మొదలైంది. టైగర్ రొయ్య ఒక్క పంటకు వరి పదేళ్లకు ఇవ్వనిది ఇచ్చింది. పల్లెల్లో కొత్త మోటారుసైకిళ్లు వచ్చాయి, పెళ్లిళ్లలో కట్నాల లెక్కలు మారాయి. తమ్ముడు నవలలో హీరోలాగే లెక్కలేశాడు. సీడు ఖర్చు, మేత ఖర్చు, కౌంటు, ధర, అన్నీ నోటుపుస్తకంలో రాశాడు. రెండు పంటలు లెక్క తప్పలేదు. 1990ల నడుమ తెల్లమచ్చల వైరస్ వచ్చింది. తెల్లవారేసరికి గట్టు పొడవునా ఎర్రబడిన రొయ్యలు తేలాయి. వైరస్ నవలలు చదవదు. తమ్ముడి తెలివిలో లోపం లేదు, పట్టుదలలోనూ లేదు. లోకం దారి ఇవ్వలేదు, అంతే. ఇప్పుడతను వనామి రొయ్యల సాగు చేస్తున్నాడు, కొంచెం కొంచెంగా, పందేలు కాయకుండా. ‘‘ఆ బుక్కు చదవబట్టే దిగినా, ఆ బుక్కు చదవబట్టే మళ్లీ లేచినా’’ అంటాడు. ఒకే పుస్తకం మీద ఒకే మనిషి చెప్పే ఈ రెండు సాక్ష్యాల్లో దేన్ని కొట్టేస్తాం?

ఇక నాలుగో అసంతృప్తి చాలా ఏళ్లు పేరు లేకుండానే ఉండిపోయింది. ఆ నవలల్లోని మనుషులు ఎక్కడుంటారు? పెద్ద ఊళ్లలో, మేడల్లో, ఆఫీసుల్లో. వాళ్ల మాట శుభ్రంగా ఇస్త్రీ చేసినట్టుంటుంది. ‘‘ఏంది’’ అనరు, ‘‘అట్టనా’’ అనరు. వాళ్లకు సముద్రం ఉంటే విహారానికే ఉంటుంది, వేటకు ఉండదు. తన వయసు పిల్ల, తన మాటతో, తన వీధిలో నడిచే కథ ఉండొచ్చని కూడా ఆమెకు తోచలేదు. 1999లో మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ వచ్చినప్పుడు ఆ లోటుకు పేరు దొరికింది. ఆయన కావలి మనిషి. తన బాల్యాన్ని, అమ్మానాన్నల్ని, వీధిని ఈ నేల యాసలోనే చెప్పాడు. టీచరమ్మ వాటిని చదివి క్లాసులో పిల్లలకు వినిపించింది. వాళ్లు నవ్వారు. పుస్తకంలో తమ మాట వినపడితే పిల్లలు నవ్వే నవ్వు వేరు. మొదట సిగ్గుపడతారు, ఆ వెనక వీపు నిటారుగా పెడతారు.

అలాగని పాత రచయితను పక్కన పడేయగలదా? ఖదీర్‌బాబు కతల్లో తన వీధి కనపడి ఆమె పొంగిపోయింది నిజమే. ఆ పుస్తకం దగ్గరికి ఆమెను నడిపించుకొచ్చిన అలవాటు మాత్రం అద్దె బంకు దగ్గర పుట్టింది. విశ్వనాథన్ ఆనంద్ మన దేశానికి తొలి గ్రాండ్‌మాస్టర్ అయింది 1988లో. అంతకుముందే ఒక తెలుగు నవల చదరంగం ఆటగాణ్ని హీరోగా నిలబెట్టింది. ఏనుగు, శకటు పేర్లు కూడా తెలియని పల్లె పిల్ల ఆ నవల చదివి అట్టముక్కల మీద గళ్లు గీసి, చింతగింజలూ గవ్వలూ పెట్టి ఆట నేర్చుకుంది. న్యాయశాస్త్రం, హిప్నాటిజం, బ్యాంకుల లావాదేవీలు ఇవన్నీ కథలో కలిపి పెట్టకపోతే ఆమె గడపలోకి వచ్చే దారే లేదు. ‘వెన్నెల్లో ఆడపిల్ల’ కథ భాషలు దాటి వెళ్లింది కూడా. కన్నడంలో 1995లో సునీల్ కుమార్ దేశాయి దర్శకత్వంలో అనంత్ నాగ్ కథానాయకుడిగా ‘బెళదింగళ బాలె’ అయింది. అక్కడి వాళ్లూ ఆ గొంతు ఎవరిదో వెతికారు.

మనకొక చెడ్డ అలవాటుంది. చిన్నప్పుడు నచ్చిన పుస్తకం పెద్దయ్యాక నచ్చకపోతే, అప్పటి మన తెలివిని చూసి సిగ్గుపడతాం. కొందరు ఆ సిగ్గును కప్పుకోవడానికి పుస్తకాన్ని తిడతారు. ఇంకొందరు ఆ సిగ్గే రాకుండా మళ్లీ తెరవకుండా అటక మీద పెడతారు. రెండూ పిరికి పనులే. పుట్టింటికి వెళ్తే గుమ్మం చిన్నదైనట్టుంటుంది. తల వంచి లోపలికి వెళ్తాం తప్ప ఇల్లు తప్పు కట్టారనం. అలాగని గుమ్మం ఎత్తుగానే ఉందని బుకాయించి నుదురూ బాదుకోం. ప్రశ్నించడం నేర్పిన రచయితను ఆ నేర్చుకున్న ప్రశ్నలతోనే నిలదీయడం గురువుకు ఎదురుతిరగడం అనిపించుకోదు. అప్పు తీర్చడంలో అదొక పద్ధతి.

కుర్రవయసు పాఠకులకు ఇంకా మనం సరైన అర కట్టలేదు. బడి గ్రంథాలయానికి వెళ్తే ఒకవైపు నీతికథలు, ఇంకోవైపు పోటీపరీక్షల పుస్తకాలు. నడుమ వయసు పిల్లలు ఇంగ్లిషులోకో, ఫోన్‌లోకో పోతున్నారు. వాళ్లకోసం రాసేవాళ్లకు యండమూరి నుంచి తీసుకోవాల్సిన పాఠమూ ఉంది, వదులుకోవాల్సిన పాఠమూ ఉంది. తీసుకోవాల్సింది, పదిహేడేళ్ల పిల్లకు తెలివి తక్కువని అనుకోకపోవడం. లెక్కలైనా, చట్టమైనా, చదరంగమైనా ఆసక్తిగా చెబితే అందుకుంటుందని నమ్మడం. వదులుకోవాల్సిందేమిటో అల్లూరు పక్క పల్లెలో తాయెత్తు కట్టిన బిడ్డ చెబుతుంది.

ఇంతకీ మనవరాలు పుస్తకం పక్కన పెట్టలేదు. నంబరు సంగతి తేలిపోయాక కూడా చదువుతూనే ఉంది. మధ్యాహ్నం చేపల పులుసు చల్లారింది. సాయంత్రం మేడ మీదికి వెళ్లింది. దీపాలు పెట్టే వేళకు దిగి వచ్చింది. ముఖం చూస్తే ఏడ్చినట్టు లేదు, ఏడవనట్టూ లేదు. రేవంత్ వెతుక్కుంటూ చేరేసరికి ఆమె లేదు కదా.

‘‘నచ్చిందా?’’ అంది టీచరమ్మ.

‘‘సగం నచ్చింది. సగం కోపమొచ్చింది’’ అంది పిల్ల. ‘‘చనిపోయేది ఆ అమ్మాయి. బాధంతా ఆ అబ్బాయిదైనట్టు రాసినాడేంది?’’

నలభై ఏళ్లలో టీచరమ్మకు ఎన్నడూ తట్టని మాట అది. తను ఎప్పుడూ రేవంత్‌తో పాటే వెతికింది, రేవంత్‌తో పాటే ఆలస్యంగా చేరింది. ఫోన్‌కు అవతలి వైపు కూర్చుని, రోజులు లెక్కపెట్టుకుంటూ, నవ్వుతూ మాట్లాడే ఆడపిల్ల గదిలోకి ఒక్కసారీ వెళ్లలేదు. నంబరు తెలిసిపోయే కాలంలో పుట్టిన పిల్లకు వెతుకులాట పట్టలేదు కాబట్టేనేమో, నేరుగా ఆ గదిలోకి వెళ్లగలిగింది.

పాత అద్దె పుస్తకాలకు అంచులు ఖాళీగా ఉండవు. ఈ ప్రతిలోనూ నలుగురైదుగురి చేతిరాతలున్నాయి. ‘సూపర్’ అని ఒకరు. ‘ఈ పేజీ బోర్’ అని ఇంకొకరు. పదో పేజీలోనే ఎవరో కసిగా ‘చివరికి చచ్చిపోద్ది, చదవబాకండి’ అని రాసి, చదివినవాళ్లందరి ఉసురూ పోసుకున్నారు. దాని కింద వేరే సిరాతో ‘నీకేం పోయేకాలం’ అని జవాబు. ఆఖరి పేజీలో, అచ్చు అయిపోయిన చోట, పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు: ‘ఇంకొంచెం ముందు రాకూడదా?’ ఆ రాత కావలి కాలేజీ పిల్లది.

రాత్రి భోజనాలయ్యాక టీచరమ్మ ఆ పేజీ తెరిచి చూసింది. తన మాట కింద నీలం బాల్‌పెన్నుతో కొత్త వరస చేరి ఉంది: ‘ఆమె ముందే చెప్పకూడదా? చెప్పనిచ్చారా?’

ఆవిడ కళ్లజోడు సర్దుకుని రెండు మూడుసార్లు చదువుకుంది. ముప్పై ఏళ్లకు పైగా పిల్లల కాగితాలు దిద్దిన చెయ్యి, అలవాటుగా పెన్ను కోసం తడిమింది. అంతలోనే ఆగి, పుస్తకం మూసి, మనవరాలి తలగడ పక్కన పెట్టింది. ఆ పేజీ అడుగున ఇంకా రెండు వరసలకు చోటుంది.